గైడ్ పోయింది

బొంబాయి,
6 ఫిబ్రవరి 1995

చిన్నాయనకు, చిన్నమ్మకు కరుణ దండాలు.

రైలు దిగిన మర్నాడే ఉత్తరం వేయమన్నారు. ఆలశ్యమైంది, కోప్పడకండి. ఇక్కడ అణు కేంద్రం గేటు దాటి లోపలికి పోవాలంటే పాసు, ఆ పాసు చూపించడానికి ఇంకో పాసు. అవన్నీ చేతికి వచ్చేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. హాస్టలు బాగుంది. కిటికీలోంచి సముద్రం కనిపించదు కానీ వాసన వస్తుంది. అన్నం మాత్రం ఒక పూటే. చిన్నమ్మ కట్టిచ్చిన టమాట తొక్కు సగం అప్పుడే అయిపోయింది, పక్క గది పంజాబీ అమ్మాయి రొట్టెకు రాసుకుని తింటోంది.

స్టేషన్‌లో రైలు కదులుతుంటే కిటికీ పట్టుకుని మీరొక ప్రశ్న అడిగారు. ఇంతకూ నువ్వు అక్కడ కొలిచేదేమిటే అని. చెప్పేలోపల ప్లాట్‌ఫారం అయిపోయింది. ఇప్పుడు చెప్తాను.

న్యూట్రాన్‌ను ఒక చిన్న బొంగరం అనుకోండి. తిరుగుతున్న బొంగరం పక్కకు ఒరిగినప్పుడు దాని తల మెల్లగా గుండ్రంగా తిరగడం చూసే ఉంటారు. అయస్కాంతం దగ్గర న్యూట్రాన్ తల కూడా అట్లాగే తిరుగుతుంది. మేము ఒక స్ఫటికాన్ని బాగా చల్లబరిచి, పెద్ద అయస్కాంతం మధ్యలో పెట్టి, దానిలోని కేంద్రకాలన్నీ ఒకే దిక్కుకు మొగ్గేలా చేస్తాము. వాటి మధ్య నుంచి న్యూట్రాన్లను పంపుతాము. అవతల బయటికి వచ్చేసరికి వాటి తల కొంత కోణం తిరిగి ఉంటుంది. అందులో అయస్కాంతం తిప్పిందెంతో లెక్కగట్టి తీసేస్తే, మిగిలింది కేంద్రకాలు తిప్పినది. న్యూట్రాన్ వాటిని గుద్దుకోదు, వాటి దగ్గర ఆగదు. పక్క నుంచి పోతుంటే పలకరించి పంపిస్తాయంతే. ఆ పలకరింపు ఎంత గట్టిదో చెప్పే కోణమే నాకు కావాలి.

కష్టమల్లా దారిలో ఉంది. న్యూట్రాన్ బయల్దేరిన రియాక్టరు నుంచి మా పరికరం దాకా తల ఏ దిక్కుకు పెట్టుకుని వచ్చిందో మర్చిపోకూడదు. అందుకని దారి పొడుగునా తీగలు చుట్టి, కరెంటు పంపి, చిన్న అయస్కాంత క్షేత్రం ఒకటి నిలబెడతాము. దానిని గైడ్ ఫీల్డ్ అంటారు. గైడ్ ఫీల్డ్ సరిగ్గా ఉంటే అన్నీ ఉన్నట్టే. ఇక్కడ సురేష్ గారని ఒక సైంటిస్టు ఉన్నారు. ఆయన పొద్దున రాగానే గుడ్ మార్నింగ్ అనరు, గైడ్ ఫీల్డ్ ఎట్లుంది అంటారు.

నాకు మార్చి 5 వరకే ఇచ్చారు ఈ మెషీన్. మళ్లీ దొరకాలంటే రెండేళ్లు. జూన్‌లో మా గైడ్ మేడమ్ రిటైర్ అయిపోతున్నారు. ఆలోపు ఈ కోణం రాకపోతే థీసిస్ మేడమ్ చేతుల మీదుగా వెళ్లదు, ఇంకొకరి కింద మళ్లీ మొదటి నుంచి. ఆ ఊహకే నాకు నిద్ర పట్టడం లేదు. మేడమ్‌కు సరిగ్గా ఇప్పుడే పిత్తాశయం ఆపరేషన్ రావాలా? పక్కన ఆమె ఉంటే ఈ పెద్ద హాలులో నాకింత బెదురు ఉండేది కాదు.

ఒకసారి క్యాంపస్‌కు వెళ్లి మేడమ్‌ను చూసి రండి చిన్నాయనా.

మీ
కరుణ


తార్నాక,
11 ఫిబ్రవరి 1995

ఎం.ఎస్సీ. పాసై, పీహెచ్.డీ. దాకా వెళ్లి, 'ఆలస్యం' అన్న మాట రాయడం ఇంకా రాని మా కరుణకు చిన్నాయన ఆశీస్సులు.

'ఆలశ్యం' కాదు తల్లీ, 'ఆలస్యం'. లాలాపేటలో నా ఎనిమిదో తరగతి పిల్లలు రాసే తప్పు ఇది. వాళ్లకు చెవి మెలిపెడతాను. నీ చెవి నా చేతికి అందనంత దూరం వెళ్లిపోయింది.

నీ బొంగరం నాకు బాగా అర్థమైంది. మీ చిన్నమ్మకు చదివి వినిపిస్తే తనకూ అర్థమైంది. అంత చిన్నదాని తల ఎటు తిరిగిందో చూడటానికి అంత దూరం పోవాలా, ఇక్కడ మన తల ఎటు తిరుగుతుందో చూసేవాళ్లు లేరు అంది. ఆ మాటలో నాకేదో తగులుతోంది కానీ పట్టించుకోలేదు.

'పలకరింపు' మంచి మాట వాడావు. నా సంతోషం ఎంతని చెప్పను. దానికంటే మంచి మాట ఇంకొకటి చెప్తా, 'పరామర్శ'. దగ్గరికి వెళ్లి, ఎట్లా ఉన్నావని అడిగి, నిజం తెలుసుకుని రావడం. న్యూట్రాన్ చేసేదదే కదా? నీ థీసిస్ తెలుగులో రాసే రోజు వస్తే ఈ మాట వాడు, నా పేరు చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి. ఇంగ్లీషు మాటలు తప్పవు, ఒప్పుకుంటాను. కానీ వాటిని జంటలు జంటలుగా తోలుకురావడమెందుకు? ఉత్తరం నిండా గైడ్ ఫీల్డ్, గైడ్ ఫీల్డ్. ఒక్క మాటతో తెలిసేదానికి రెండోది దండగ. క్లుప్తంగా రాయడం నేర్చుకో. అసలు నువ్వు కార్డు ముక్కలో విషయమంతా చెప్పగలిగిన నాడు నేను నిన్ను చదువుకున్నదానివని ఒప్పుకుంటాను.

నిన్న సాయంత్రం ఇద్దరం క్యాంపస్‌కు వెళ్లి మీ మేడమ్ అన్నపూర్ణమ్మ గారిని చూసి వచ్చాము. మీ చిన్నమ్మ జొన్న జావ కాచి పట్టుకొచ్చింది. వాళ్ల కడప వైపు రాగి జావ తప్ప ఇట్లా జొన్నది తాగరేమో అని నేను సందేహపడ్డాను. ఆమె గ్లాసు ఖాళీ చేసి ఇంకా ఉందా అని అడిగారు. కానీ మనిషి సగమయ్యారు కరుణా. ముఖంలో రక్తం లేదు. గోడ పట్టుకుని నడుస్తున్నారు. కుట్లు ఇంకా తియ్యలేదట. నీ సంగతే అడిగారు. "దానికి ఏ ఇబ్బంది వచ్చినా నాకు చెప్పదు. చెప్తే నేను లేచి బొంబాయి పోతానని దాని భయం" అన్నారు. నిజమేనా?

ఒంటి జాగ్రత్త. తొక్కు పంజాబీ అమ్మాయికి తక్కువ పెట్టు.

ఆశీర్వదిస్తూ
చిన్నాయన నరహరి


బొంబాయి,
18 ఫిబ్రవరి 1995
(కార్డు)

చిన్నాయనా,

మీరు చెప్పినట్టే క్లుప్తంగా రాస్తున్నాను. గైడ్ పోయింది. నిన్నటి నుంచి పని ఆగింది. ఎందుకు పోయిందో ఇక్కడ ఎవరికీ అంతు పట్టడం లేదు. మొన్నటి వరకు బాగానే ఉండింది. ఇక ఆ కోణం రాదేమోనని భయంగా ఉంది. సురేష్ గారు ధైర్యం చెప్తున్నారు. ఊర్లో నాన్నకు చెప్పకండి, కంగారు పడతాడు. రాత్రి ఏడుపు ఆగలేదు.

కరుణ


తార్నాక,
22 ఫిబ్రవరి 1995

అమ్మా కరుణా,

కార్డు ఇవాళ మధ్యాహ్నం అందింది. బడి నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే చదివాను. మీ చిన్నమ్మ నా ముఖం చూసి కూలబడిపోయింది. అన్నపూర్ణమ్మ గారు ఇక లేరన్న మాట నీకు ఎవరు ఫోన్ చేసి చెప్పారో ఏమో. పక్కనే తార్నాకలో ఉండి మాకు తెలియలేదు. అందుకు నాకు చాలా సిగ్గుగా ఉంది.

వెంటనే క్వార్టర్‌కు వెళ్లాను. తాళం. డిపార్ట్‌మెంట్ వైపు వెళితే అక్కడా అప్పటికే మూసేశారు. తిరిగి వస్తుంటే క్వార్టర్ల వాచ్‌మన్ గట్టయ్య కనబడ్డాడు. అడిగాను. "అమ్మను తీస్కపోయిన్రు సార్. చెల్లె అచ్చింది రామంతాపూర్ నుంచి. కార్ల పండుకోవెట్టి తీస్కపోయిన్రు. ఇగ ఈ ఇంట్లకు మల్ల రాదు" అని తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. ఇంకేమి అడగాలి నేను? అతని భుజం మీద చెయ్యి వేసి, చెల్లెలి ఇంటి గుర్తులు మాత్రం రాసుకుని వచ్చేశాను.

ఈ దుఃఖంలో కూడా నా బుద్ధి పోనిచ్చుకోలేదు, క్షమించు. 'గైడ్ పోయింది' అని రాశావు. గురువును అట్లా అనరాదు, 'పోయారు' అనాలి. ఎర్ర కలం తీశాను కూడా. మళ్లీ జేబులో పెట్టుకున్నాను. మా అమ్మ పోయిన రోజున నేను లోకంలో అందరికీ 'అమ్మ పోయింది' అనే చెప్పాను. తెలుగు పండితుడినై ఉండి 'పోయారు' అన్న మాట నోటికి రాలేదు. నీకూ అంతే అయి ఉంటుంది.

ఎందుకు పోయారో అంతు పట్టడం లేదన్నావు. పది రోజుల కింద నేను చూసిన ముఖాన్ని బట్టి నాకు పెద్దగా ఆశ్చర్యం లేదు. కానీ కోణం రాదు అని మాత్రం అనకు. నువ్వు అక్కడే ఉండు. పరుగెత్తుకుని రావద్దు. వచ్చి ఏం చేస్తావు, తాళం చూస్తావా? ఆమె నిన్ను పంపింది ఆ కోణం తీసుకురమ్మని. తీసుకురా.

వాళ్ల చెల్లెలి ఇంటికి ఆదివారం పరామర్శకు వెళ్తాము. సంతాప సభ ఎట్లాగూ పెడతారు, అక్కడ చదవడానికి నాలుగు మాటలు రాస్తున్నాను. ఎంత రాసినా చాలడం లేదు. నువ్వు మా ఇంటికి వచ్చిన కొత్తలో ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని ఏడ్చేదానివి. ఆమె దగ్గర చేరిన తర్వాత నువ్వు ఏడవగా నేను చూడలేదు. ఈ ఒక్క వాక్యం సరిగ్గా రాయగలిగితే చాలు నాకు.

ఏడుపు వస్తే ఏడువు. భోజనం మానకు.

చిన్నాయన


బొంబాయి,
26 ఫిబ్రవరి 1995

చిన్నాయనా,

నిన్న సాయంత్రం మీ ఉత్తరం వచ్చింది. నాలుగైదుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు.

నేను రాసింది మేడమ్ గురించి కాదు. గైడ్ ఫీల్డ్ గురించి. దారిలో తీగలు చుట్టి నిలబెట్టే అయస్కాంత క్షేత్రం అని మొదటి ఉత్తరంలో రాశాను చూడండి, దాని గురించి. ఇంగ్లీషు మాటలు జంటగా రాయవద్దన్నారని రెండోది తీసేశాను. మీరు దానిని మేడమ్ అనుకున్నారు. అంతవరకైతే నవ్వుకునేదాన్ని. కానీ మీరు వెళ్లి చూసేసరికి తాళం ఉండటమేమిటి, గట్టయ్య ఆ మాటలు చెప్పి ఏడవటమేమిటి? అంటే నేను తెలియక రాసిన మాట మీరు వెళ్లేసరికి నిజమైపోయింది. నా చేత్తో నేనే రాసినట్టుంది. ఈ ఆలోచన తప్పని తెలుసు, ఫిజిక్స్ చదివినదాన్ని. అయినా పోవడం లేదు.

పొద్దున రెండు కిలోమీటర్లు నడిచి ఎస్టీడీ బూత్ నుంచి క్వార్టర్‌కు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఇవాళ ఆదివారం, రేపు శివరాత్రి, డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఉండరు. వాళ్ల చెల్లెలి నంబరు నా దగ్గర లేదు.

మీరు ఆపవద్దన్నారు. నేను ఆపేశాను చిన్నాయనా. మిగిలిన రోజులు వేరేవాళ్లకు ఇచ్చేయమని సురేష్ గారికి చెప్పాను. 28న సాయంత్రం రైలుకు టికెట్ తీశాను. ఎట్లాగూ గైడ్ ఫీల్డ్ లేదు, ఉన్నా కోణం ఎవరికి చూపించాలి?

మీకు ఎప్పుడూ చెప్పని సంగతులు రెండు చెప్తాను. సంతాప సభలో చదువుతానన్నారు కదా, కావాలంటే వాడుకోండి.

ఎం.ఎస్సీ. వైవాలో నేను ఇంగ్లీషులో ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఫైలు మూసేశాడు. మేడమ్ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, "తెలుగులో చెప్పు తల్లీ. న్యూట్రాన్‌కు ఏ భాషైనా ఒకటే" అన్నారు. చెప్పాను. మేడమ్ ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులోకి మార్చి ఆయనకు చెప్పారు. ఎంతసేపో తెలియదు. నేను తప్పు చెప్పిన చోట తప్పుగానే మార్చారు, సర్ది చెప్పలేదు. బయటికొచ్చాక నేను అడిగితే, సర్దితే అది నీ జవాబు ఎట్లవుతుంది అన్నారు. నా జవాబులు నావే, అవి తెలుగులో ఉన్నా చెల్లుతాయి అని నాకు అప్పటివరకు తెలియదు.

రెండోది. చేరిన మొదటి ఏడాది హీలియం పోసే గొట్టం నా చేతిలో విరిగింది. జర్మనీ నుంచి తెప్పించింది. హెడ్ గారు అందరినీ నిలబెట్టి అడిగారు. మేడమ్ నా వైపు చూడకుండానే, నా చేతిలోంచి జారింది సార్ అన్నారు. ఆ తర్వాత నాతో ఆ మాటే ఎత్తలేదు. ఒకసారి థాంక్స్ చెప్పబోతే, "పని చూస్కోపో" అన్నారు. అట్లా చెప్పకుండానే ఉండిపోయింది. ఎప్పుడో థీసిస్ మొదటి పేజీలో రాద్దాములే అనుకున్నాను. ఆ పేజీ చదవడానికి ఆమె ఉండరని నాకేం తెలుసు?

అమ్మ నాకు నడక నేర్పింది. నువ్వు నడిచిన దారి నీదే అని చెప్పింది మేడమ్. ఇంతకంటే నాకు రాయడం రాదు.

బుధవారం పొద్దున వస్తాను. స్టేషన్‌కు రాకండి.

కరుణ


తార్నాక,
26 ఫిబ్రవరి 1995

కరుణా,

ముందు చెప్పాల్సింది ముందు చెప్తాను. అన్నపూర్ణమ్మ గారు బతికే ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్నారు. టెలిగ్రాం ఇచ్చి ఇప్పుడే ఇంటికి వచ్చాను. అది నీకు ఈ ఉత్తరం కంటే ముందే అందాలి. అయినా రాస్తున్నాను, జరిగింది రాయకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

ఇవాళ పొద్దున నేనూ మీ చిన్నమ్మా రామంతాపూర్ వెళ్లాము. టీవీ స్టేషన్ అవతల వీధి. దారిలో అరటిపళ్లు కొన్నాము. నా చేతి సంచిలో సంతాప వ్యాసం, ఫెయిర్ కాపీ. తలుపు వాళ్ల చెల్లెలు తీసింది. మీ చిన్నమ్మ ఆమెను చూడగానే మెడ పట్టుకుని భోరుమంది. ఆమె పాపం, వచ్చింది ఎవరో తెలియకపోయినా, వీళ్లింట్లో ఎవరో పోయి ఉంటారనుకుని మీ చిన్నమ్మ వీపు నిమరడం మొదలుపెట్టింది. ఊరుకో అమ్మా, అంతా దేవుడి చేతిలో ఉంది అని ఆమె. నీకెంత కష్టం వచ్చింది చెల్లే అని ఈవిడ. ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకుంటున్నారు.

అప్పుడు లోపలి నుంచి గోరుచిక్కుడుకాయల పళ్లెం పట్టుకుని అన్నపూర్ణమ్మ గారు వచ్చారు.

"ఎవరు పోయినారు సామీ?" అని అడిగారు.

నాకు అబద్ధం రాదని నీకు తెలుసు. "మీరేనమ్మా" అన్నాను.

ఆ తర్వాత అక్కడ జరిగింది రాయడానికి నా భాష చాలదు. ఆమె పళ్లెం కింద పెట్టి, పొట్ట పట్టుకుని, నవ్వించొద్దు కుట్లు ఊడతాయి అంటూ నవ్వారు. మీ చిన్నమ్మ ఆమెను ముట్టుకుని చూసింది. కుట్లు నొప్పి పెడుతుంటే కొన్నాళ్లు దగ్గర ఉంచుకోవడానికి చెల్లెలు తీసుకొచ్చిందట. కారులో కూర్చోలేక పడుకున్నారట. జూన్‌లో ఎట్లాగూ క్వార్టర్ ఖాళీ చేయాలి కదా అని సామాను కూడా సర్ది పెట్టి వచ్చారట. గట్టయ్య ఏడ్చింది అందుకు. ఇరవై ఏళ్లుగా ఆమె గేటు తెరిచినవాడు, ఏడవడా? నేనే తిన్నగా అడగలేదు. "పోయారా" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ మాట అనడానికి నోరు రాలేదు.

తర్వాత నీ కార్డు అడిగారు. జేబులోనే ఉంది, ఇచ్చాను. చదివారు. నవ్వు ఆగిపోయింది. "గైడ్ ఫీల్డ్ పోయిందా? దీనికి నాతో చెప్పేదానికేమి?" అని నా మీద కోపం చేశారు, నేనే పోగొట్టినట్టు. కాగితం మీద గీతలు గీసుకుంటూ కూర్చున్నారు. నాకు అర్థమయ్యేలా చెప్పమని బతిమాలితే చెప్పారు. స్ఫటికం దగ్గరి పెద్ద అయస్కాంతం ఈమధ్య బలం పెంచి ఉంటారట. దాని క్షేత్రం బయటికి పొర్లి, నీ గైడ్ క్షేత్రానికి ఎదురు తిరిగి, ఎక్కడో మధ్యలో రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయట. అక్కడ ఏ క్షేత్రమూ మిగలక న్యూట్రాన్ దిక్కు మర్చిపోతుందట. అయస్కాంతం వైపు చివర తీగల్లో కరెంటు దిక్కు తిప్పితే రెండూ ఒకే వైపుకు వస్తాయట. తప్పులుంటే నావి, ఆమెవి కావు.

టెలిగ్రాం మాటలు ఆమే చెప్పారు. "గైడ్ అలైవ్. రివర్స్ గైడ్ కరెంట్ నియర్ మాగ్నెట్." నరహరి అని నా సంతకం. తారాఫీసు గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూసి, ఏ గైడ్ సార్, చార్మినార్ చూపించేవాడా అన్నాడు.

ఇక లేస్తుంటే నా సంచిలో కాగితాలు ఏమిటని అడిగారు. దాచబోయాను. చదవాల్సిందే అన్నారు. కూర్చుని, ఆమె ఎదురుగా, ఆమె సంతాప వ్యాసం ఆమెకే చదివి వినిపించాను. 'సౌమ్యమూర్తి' దగ్గర ఆపి, డిపార్ట్‌మెంట్‌లో ఈ మాట చదివితే జనం లేచిపోతారు, తీసెయ్యండి అన్నారు. నీ ఏడుపు గురించి రాసిన వాక్యం దగ్గర మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాలే తుడిచారు అంటుంది మీ చిన్నమ్మ. నేను చూసింది నేను చూశాను.

నా ఇరవై రెండో తేదీ ఉత్తరం చింపేసెయ్. పని చూడు.

చిన్నాయన


బొంబాయి,
6 మార్చి 1995

చిన్నాయనకు, చిన్నమ్మకు కరుణ వేయి దండాలు.

కోణం వచ్చింది.

ఈ మాట ముందు రాసి, పెన్ను పక్కన పెట్టి, ఒకసారి వరండా చివరిదాకా నడిచి వచ్చాను. ఇప్పుడు మిగతాది రాస్తాను.

28న మధ్యాహ్నం పెట్టె సర్దుకుని గేటు దాకా వచ్చాను. గార్డు పిలిచి టెలిగ్రాం ఇచ్చాడు. శివరాత్రి సెలవుకు ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. విప్పాను. గైడ్ బతికే ఉంది అని ఉంది. నేను నమ్మలేదు. గైడ్ అంటే ఏది, మళ్లీ ఏ తికమక, చిన్నాయన నన్ను రైలెక్కకుండా ఆపడానికి రాశారేమో అనుకున్నాను. తర్వాత రెండో వాక్యం చదివాను. అయస్కాంతం దగ్గర గైడ్ కరెంటు తిప్పమని.

చిన్నాయనా, మీకు అన్నీ వచ్చు గానీ ఈ మాట చెప్పడం రాదు. డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరికీ కూడా రాదు. ఆ పరికరంలో ప్రతి తీగా తెలిసిన మనిషి ఒక్కరే. కరెంటు తిప్పు అన్నది మేడమ్. అంటే మేడమ్ ఉన్నారు. మొదటి వాక్యం అవసరమే లేదు, రెండోదానిలోనే మనిషి కనబడ్డారు. గేటు దగ్గర పెట్టె మీద కూర్చుని ఎంతగా ఏడ్చానంటే గార్డు చెడ్డ కబురనుకుని మంచినీళ్లు తెచ్చాడు.

టికెట్ అతనికే ఇచ్చేసి లోపలికి పరుగెత్తాను. సురేష్ గారు అప్పటికి నా రోజులు ఇంకొకరికి ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టబోతున్నారు. టెలిగ్రాం ఆయన చేతిలో పెట్టాను. చదివి, సంతకం పెట్టబోయిన కాగితం చింపి, స్క్రూడ్రైవర్ అందుకున్నారు. మేడమ్ చెప్పిందే జరిగింది. నేను కార్డు రాయడానికి ముందు రోజే అయస్కాంతం బలం పెంచాము, ఆ రెండింటికీ లంకె ఉందని మాకు తట్టలేదు. చివర తీగలు మార్చి కలిపాము. సాయంత్రానికి న్యూట్రాన్లు దిక్కు తప్పకుండా రావడం మొదలైంది.

తర్వాత మిగిలిన రోజులన్నీ కొలిచాము. తల తిరిగిన కోణం కనబడింది. అది కేంద్రకాల వల్లేనా లేక ఇంకేదైనా మోసమా అని తేల్చుకోవడానికి కేంద్రకాల మొగ్గును మాత్రం తలకిందులు చేశాము, అయస్కాంతాన్ని ముట్టుకోలేదు. కేంద్రకాలు అటు మళ్లగానే అవి న్యూట్రాన్ తలను తిప్పే కోణం కూడా అంతే ఎదురు దిక్కుకు మారింది. మీ మాటలో చెప్పాలంటే పరామర్శ నిజమైనదే. నిన్న ఆఖరి గంటలో కూడా అదే కోణం వచ్చింది. మేడమ్‌కు వేరే కవరులో గ్రాఫు పంపుతున్నాను.

ఇప్పుడొక బతిమాలుకోవడం. 26న మీకు ఒక ఉత్తరం రాశాను, వైవా సంగతి, గొట్టం సంగతి. అది మేడమ్ లేరనుకుని రాసినది. దయచేసి చింపెయ్యండి. మేడమ్ కంటబడిందంటే నేను తలెత్తి ఆ ముఖం చూడలేను. పని చూస్కోపో అంటారు.

సామాన్లు అప్పగించి 18 శనివారం పొద్దున సికింద్రాబాదులో దిగుతాను. ఈసారి 'ఆలస్యం' చెయ్యను, చూశారా, సరిగ్గా రాశాను.

మీ
కరుణ


తార్నాక,
10 మార్చి 1995

కోణం కొలిచి వస్తున్న మా కరుణకు,

మీ చిన్నమ్మ వీధిలో అందరికీ చక్కెర పంచింది. ఏమైందని అడిగినవాళ్లకు, మా బిడ్డ న్యూట్రాన్ తల తిప్పింది అని చెప్పింది. నేను దిద్దబోయి ఊరుకున్నాను. ఊరికి, మీ నాన్న కొమురెల్లి అన్నకు కూడా రాశాను, నీ బిడ్డ గెలిచింది అని. కార్డు ముక్కలో రాయలేదు, కవరే వేశాను. క్లుప్తత మీద నాకున్న నమ్మకం పోయింది.

నీ బతిమాలుకోవడం అందింది. ఆలస్యంగా అందింది. ఆ ఉత్తరం నాకు 2వ తేదీన వచ్చింది, 4న ఆమెకు చదివి వినిపించాను.

కోప్పడకు. నేను చదివిన సంతాప వ్యాసానికి ఆమె నవ్వి, ఇందులో ఎక్కువ భాగం పండితుల మాటలు, మా పిల్ల అయితే ఇట్లా రాయదు అన్నారు. ఎట్లా రాస్తుందో నా జేబులో ఉంది. ఎట్లా ఆగమంటావు? నువ్వు వాడుకోండి అని కూడా రాశావు.

వైవా దగ్గర ఆమె నవ్వారు. గొట్టం దగ్గర, అది దీనికి ఇంకా గుర్తుందా అన్నారు. 'నువ్వు నడిచిన దారి నీదే' అన్న చోట చెయ్యి చాచి ఉత్తరం తీసుకుని మళ్లీ తనే చదువుకున్నారు. నేను కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి, "ఇన్నేండ్లు పాఠాలు చెప్పినా సామీ. ఎవరికైనా అందినాయో లేదో అని ఉండింది" అన్నారు. నేను ఉత్తరం కోసం చెయ్యి చాచాను. ఇవ్వలేదు. "ఇది నాకు రాసిందే. అడ్రసు తప్పు పడింది" అని మడిచి కళ్లద్దాల పెట్టెలో పెట్టుకున్నారు. కనుక చింపడం నా చేతిలో లేదు.

నాకూ ఒక మాట చెప్పాలని ఉంది. మనం మంచి మాటలన్నీ మనిషి పోయాక చదవడానికి రాసి పెట్టుకుంటాము. నీ కార్డులో ఒక మాట తగ్గడం వల్ల నేను వాటిని బతికున్న మనిషికి చదవగలిగాను. ఆ అదృష్టానికి నీకు నేనే దండం పెట్టాలి. జూన్‌లో వీడ్కోలు సభలో అదే వ్యాసం చదువుతాను. 'సౌమ్యమూర్తి' తీసేశాను, 'ఉండేవారు' అన్న చోటల్లా 'ఉన్నారు' అని మార్చాను. ఇంకేమీ మార్చనక్కరలేకపోయింది.

నీ గ్రాఫు చేరిందట. రామంతాపూర్‌లో గోడకు అతికించి ఉంది. ఆమె ఇక బయట తిరగవచ్చని డాక్టరు అన్నారు. శనివారం స్టేషన్‌కు మేమిద్దరం వస్తామని చెప్తే, ఆమె ఈ ఉత్తరం కిందనే ఒక వాక్యం రాయమని చెప్పారు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నా చేతిలో ఎర్ర కలం ఉంది, అయినా దిద్దడం లేదు.

"శనివారం స్టేషన్‌లో గైడ్ ఉంటుంది."

చిన్నాయన